విత్తని పూలు

బచ్చన్నపేట దిక్కు మా ఊళ్లో తంగేడు విత్తిన మనిషిని నేను ఎరగను. గునుగు విత్తిన మనిషి అసలే లేడు. ఎవరైనా చల్లితే ఊరంతా నవ్వేది, జొన్న చేలో కలుపు తీయలేక నడుములు పడిపోతుంటే ఇదేం పని అని. అయినా పెత్రమాస నాటికి రెండూ గంపలకొద్దీ దొరికేవి. బతుకమ్మకు ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు ఊళ్లో ఆడవాళ్లందరూ తెంపినా తరిగేవి కావు. ఆ పూలు ఎవరి పుణ్యాన మొలిచాయన్న సంగతి నేను చాలాకాలం పట్టించుకోలేదు. ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పాను, ముందు మానుకోటలో, తర్వాత భూపాలపల్లిలో. గింజ సుప్తావస్థ అనే పాఠం ఏటా చెప్పినా, అందులో ఉదాహరణలన్నీ యాపిల్ గింజలు, గోధుమ గింజలు.

మా చెల్లె బిడ్డ అమెరికాలో మిషిగన్‌లో ఉంటుంది. అక్కడి అడవిపూలను ఇంటి ముందు పెంచే అలవాటు చేసుకుంది. చలికాలం రాగానే గింజలను తడి ఇసుకలో కలిపి, సంచిలో కట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల అర పక్కన పెడుతుంది. ఒకసారి ఫోన్లో అడిగింది: "పెద్దమ్మా, మన తంగేడు గింజలను ఎన్ని రోజులు ఫ్రిజ్‌లో పెట్టాలె?" నేను చెప్పిన జవాబు ఒక్క మాటలో అయిపోయింది. ఆ ఒక్క మాట వెనక ఉన్నదంతా రాయాలనిపించి ఇది మొదలుపెట్టాను.

చలిదేశపు గింజ ఎందుకు ఆగుతుందో సులువుగానే తెలుస్తుంది. శరత్తులో రాలిన గింజ అప్పుడే మొలిస్తే మంచులో చస్తుంది. అందుకని తడిలో, ఒకటి నుంచి ఐదు డిగ్రీల చలిలో, నెలో మూడు నెలలో గడిచాకే లోపలి పిండం కదులుతుంది. దీన్ని తోటపనివాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. ఇంగ్లండులో జాన్ ఈవ్‌లిన్ 1664లో అచ్చువేసిన 'సిల్వా' అనే చెట్ల పుస్తకంలోనే గింజలను ఇసుకలో పాతిపెట్టి ఆగడం గురించి ఉంది. ఇసుక ఒక వరస, గింజ ఒక వరస పేరుస్తారు గనుక దానికి స్ట్రాటిఫికేషన్ అని పేరు. చలిలో చేస్తే కోల్డ్ స్ట్రాటిఫికేషన్.

జనగామలో జనవరి రాత్రి పది డిగ్రీలకు దిగితే అదే గొప్ప చలి, గొంగళ్లు బయటికొస్తాయి. మన గింజకు చలితో పేచీ లేదు. దాని భయం వేరు. వేసవిలో ఒక అకాల వాన కొడుతుంది, మర్నాటి నుంచి మళ్లీ నెలన్నర ఎండ. ఆ వానను నమ్మి మొలిచిన మొక్క మాడిపోతుంది. కాబట్టి ఇక్కడి చిక్కుడు జాతి చెట్లలో చాలామటుకు, తంగేడు, రేల, తుమ్మలాంటివి, గింజ చుట్టూ నీరు చొరని పెంకు కట్టుకున్నాయి. నీళ్లలో వారం నానబెట్టినా ఉబ్బవు. పిండం నిద్రపోవడం లేదు, తలుపు మూసి ఉంది, అంతే. ఫ్రిజ్‌లో పెడితే ఆ తలుపు తెరుచుకోదు. దాన్ని తెరిచేవి ఎండ, అగ్గి, ఒరిపిడి, పశువు కడుపు. ఇక్కడి చరిత్రలో ఈ నాలుగింటినీ చేతిలో పెట్టుకుని తిరిగినవాళ్లు తోటమాలులు కారు. గొల్ల కుర్మలు, తోళ్లు ఊనే లంద పనివాళ్లు, తునికాకు కోసేవాళ్లు.

తుమ్మతో మొదలుపెడతాను, ఎందుకంటే దాని సంగతి పుస్తకాలకు కూడా ఎక్కింది. మా చిన్నప్పుడు నాగలికీ బండి చక్రానికీ నల్లతుమ్మ కర్రే. పొలం గట్టున తుమ్మ కావాలనుకున్న రైతు చెట్టు కింద గింజలు ఏరేవాడు కాదు, మేకల దొడ్డికి పోయేవాడు. మేకలు ఎండాకాలం తుమ్మకాయలు ఇష్టంగా తింటాయి. రాత్రి నెమరు వేసేటప్పుడు గట్టి గింజలను బయటికి ఉమ్ముతాయి, కొన్ని పెంటికల్లో వస్తాయి. పొద్దున దొడ్డి ఊడిస్తే చాటెడు గింజలు. మా ఊరి కుర్మ తాత ఒకాయన అనేవాడు: "చెట్టు కింది గింజ ఏరుకుంటే ఏమొస్తది పంతులమ్మా, మేక నెమరేసిన గింజ ఏరుకోవాలె." రాబర్ట్ స్కాట్ ట్రూప్ అనే ఆంగ్లేయ అటవీ అధికారి 1921లో భారతదేశపు చెట్ల పెంపకం మీద మూడు సంపుటాలు వేశాడు. అందులో తుమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆయనా మేకల, గొర్రెల దొడ్లలో దొరికే గింజనే మెచ్చుకున్నాడు. డెహ్రాడూన్‌లో అటవీ పరిశోధనాలయం పెట్టింది 1906లో. కుర్మల దొడ్డి అంతకన్నా పాతది.

జనగామ చెల్క నేలల్లో ఇంకో అలవాటు ఉండేది, మంద పెట్టించడం. పంట కోసిన చేలో రాత్రిళ్లు గొర్లను పండబెడతారు, ఎరువు కోసం. బదులుగా గొర్లకాపరికి గింజలు కొలిచి ఇస్తారు. మంద ఏ కంచెలో మేసి వచ్చిందో ఆ కంచెలోని చెట్ల గింజలు ఈ చేలో పడతాయి. ఊరికీ ఊరికీ మధ్య గింజలు మోసిన బండ్లు అవి. వాటికి బాడుగ ఇచ్చింది రైతు, కానీ అతను కొన్నది పెంటికలను. 2017లో సర్కారు గొర్ల పంపిణీ మొదలుపెట్టాక గొర్ల సంఖ్య గురించి చాలా మాట్లాడుకున్నాం. గొర్లు తిరిగే కంచెల గురించి అంత మాట్లాడలేదు. నడిచి మేసే మంద, కొట్టంలో కట్టేసి మేపే మంద గింజల లెక్కలో ఒకటి కావు.

తంగేడు సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. మేక తంగేడును మామూలుగా ముట్టదు. పడావు భూమిలో, రాళ్ల దిబ్బల మీద, చెరువు కట్ట మీద పశువులు అన్నీ నాకేసినా తంగేడు పచ్చగా మిగులుతుంది. మరి దాని గింజ తలుపు తీసేదెవరు? బోడి నేల. నీడలేని చెల్కలో మే నెల మధ్యాహ్నం మన్ను పైపొర వేడి 60 డిగ్రీలు దాటుతుంది, తెల్లవారుజాముకు సగానికి పైగా దిగుతుంది. ఆ ఉబ్బు, ఆ కుంచింపు రోజూ పడీ పడీ పెంకులో ఒకచోట ఉన్న చిన్న బిరడాలాంటి భాగం వదులవుతుంది. అన్ని గింజలకూ ఒకే ఏడు వదలదు. ఈ ఏడు కొన్ని, పై ఏడు కొన్ని. గడ్డి దట్టంగా ఉన్నచోట, చెట్టు నీడన, మన్ను అంత కాగదు కనుక తంగేడు గింజ అక్కడ ఏండ్లకేండ్లు అలాగే ఉంటుంది. ఎవరికీ పనికిరాని నేల అని రెవెన్యూ కాగితాల్లో రాసుకున్నదంతా తంగేడుకు మొలక మడి.

ఎవరికీ పనికిరానిది అన్నాను గానీ, ఒకరికి ఆ నేల అన్నం పెట్టింది. మాదిగవాడలకు. ఊరి బయట లంద ఉండేది, తోళ్లు ఊనే గుంత. చచ్చిన పశువు తోలును ముందు సున్నపు నీళ్లలో వేసి, వెంట్రుకలు గీకి, కడిగి, ఆ తర్వాత తంగేడు చెక్కలో వేసేవారు. చెక్క అంటే బెరడు. కొమ్మలు నరికి, కొట్టి, ఒలిచి, ఎండబెట్టి దంచుతారు. తోలును సంచిలా కుట్టి, అందులో దంచిన చెక్కా నీళ్లూ నింపి, కొయ్యకు వేలాడదీస్తారు. కారిన నీళ్లను కింద కుండలో పట్టి మళ్లీ పైన పోస్తారు. తంగేడులోని వగరు తోలులోకి ఎక్కి, అది కుళ్లని వస్తువవుతుంది. కరక్కాయ కూడా వాడేవారు. ఇలా ఊనిన తోలుతోనే మోట బొక్కెన, దాని తొండం, ఎడ్ల పట్టెళ్లు, కిర్రు చెప్పులు. బావి కింద వ్యవసాయం మొత్తం ఆ బొక్కెన మీద ఆధారపడింది, అంటే వరి తిన్న ప్రతివాడూ తంగేడు చెక్కకు బాకీ. ఆ పని చేసిన చేతులను మాత్రం ఊరు ముట్టుకోలేదు. లంద నుంచి వచ్చే వాసనను తప్పుకుంటూ వెళ్లి, అదే తంగేడు పూలను పళ్లెంలో పేర్చి గౌరమ్మను చేసుకున్న పండుగ మనది. ఇది పాటల్లో రాదు.

ఈ చెక్క ఊరి దగ్గరే ఆగిపోలేదు. మద్రాసు తోళ్ల పరిశ్రమ పందొమ్మిదో శతాబ్దంలో చాలావరకు తంగేడు చెక్క మీదే నిలబడింది. తమిళంలో ఆవారం అంటారు. ఆ చెక్కతో ఊనిన తోళ్లు లండన్ దాకా పోయాయి. దొరలు కూడా తమ పుస్తకాల్లో ఈ చెట్టును తోలు పనివాళ్ల చెట్టుగానే రాసుకున్నారు. నిజాం రైలు 1886లో వరంగల్ దాకా వచ్చింది, 1889లో మానుకోట, డోర్నకల్ మీదుగా బెజవాడ చేరింది.  రైలు కలిసిన తర్వాత ఇటువైపు పచ్చి తోళ్లకు మద్రాసు దూరం కాకుండా పోయింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రెండు దెబ్బలు పడ్డాయి. ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ మద్రాసులో క్రోమ్ ఉప్పులతో తోలు ఊనడం మొదలుపెట్టాడు. దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ అనే తుమ్మజాతి చెట్టు బెరడు ఓడల్లో దిగింది, తంగేడు కన్నా వగరు ఎక్కువ, పని తొందర. పట్నంలో తంగేడు పక్కకు పోయినా ఊరి లంద ఇంకో యాభై అరవై ఏండ్లు నడిచింది. దాన్ని ఆపింది కరెంటు మోటారు. మోట పోయింది, మోటతో బొక్కెన, బొక్కెనతో లంద. రబ్బరు చెప్పులు మిగిలిన పని ముగించాయి.

తంగేడు నరకడం ఆగింది కదా, చెట్టు పెరగాలి కదా అని మా విద్యార్థిని ఒకతి అడిగింది. అలా జరగలేదు. చెక్క కోసం నరికినప్పుడు మొదలు నుంచి కొత్త చిగుళ్లు గుత్తులుగా వచ్చేవి, ఆ చిగుళ్లకు పూత ఎక్కువ. అంతకన్నా పెద్ద సంగతి, చెక్కకు గిరాకీ ఉన్నంతకాలం ఆ దిబ్బలను దున్నాలని ఎవరికీ అనిపించలేదు. గిరాకీ పోయాక అవి ఉత్త దిబ్బలయ్యాయి. పత్తి వచ్చింది, జేసీబీ వచ్చింది, ప్లాట్ల రాళ్లు వచ్చాయి. 2014 నవంబరులో తంగేడును తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. సంతోషమే. ఏ జాతి పువ్వుకైనా అలాంటి పదవి వచ్చేది అది కనబడటం తగ్గాకే అని నా అనుమానం.

మానుకోటలో ఉద్యోగంలో చేరినప్పుడు నేను చూసింది ఇంకో లోకం. గూడూరు, కొత్తగూడ, గంగారం దిక్కు టేకు అడవి. టేకు కాయ పైన మెత్తటి బూరు, లోపల రాయిలాంటి టెంక, అందులో నాలుగు గింజల దాకా ఉంటాయి. కావలసినప్పుడు మాత్రం ఒక్కటీ మొలవదు. దీంతో తల బద్దలు కొట్టుకున్న మొదటివాళ్లు మలబారులో ఉన్నారు. కలెక్టర్ కొనొలీ 1840ల్లో నీలంబూరులో టేకు తోట వేయబోతే కాయలు మొలకెత్తలేదు. నానబెట్టారు, కాల్చారు, చెదలకు వేసి పైతొక్క తినిపించారు. చివరికి దారికి తెచ్చినవాడు చాతు మేనన్ అనే కింది అధికారి. ఈ రోజుకూ మన నర్సరీల్లో ఉన్న పద్ధతి ఇది: రాత్రి నానబెట్టు, పగలు ఎండబెట్టు, రెండు వారాలు ఇదే తిప్పు. వానా ఎండా ఒకదాని మీద ఒకటి పడే జ్యేష్ఠమాసాన్ని గోనె సంచిలో తయారుచేయడం అన్నమాట. మిషిగన్‌లో ఫ్రిజ్ చేసే పని ఇదే, రుతువు మాత్రం వేరు.

కోయ ఊళ్ల ఆడవాళ్లకు ఇప్ప గింజ విషయంలో ఈ తంటా ఏదీ లేదు. ఇప్ప గింజ నిద్రపోదు, దాచిపెడితే కొన్ని వారాల్లో చస్తుంది. పండు రాలగానే పాతాలి. మోదుగు కూడా అంతే, తొలివానకే లేస్తుంది.

భూపాలపల్లిలో నాకు అగ్గి గురించి తెలిసింది. పాత వరంగల్ జిల్లా 2016 అక్టోబర్ 11న ముక్కలైనప్పుడు, కరీంనగర్ నుంచి మహదేవపూర్, కాటారం దిక్కు ఊళ్లు కూడా కలిసి ఆ జిల్లా ఏర్పడింది. అక్కడ ఎండాకాలం అంటే తునికాకు. యాభై ఆకులు ఒక కట్ట, సాయంత్రం కల్లంలో లెక్క. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1971 చట్టంతో ఆకు వ్యాపారాన్ని తన చేతుల్లోకి తీసుకుంది, అంతకుముందు అంతా కాంట్రాక్టర్లదే. తునికి చెట్టుకు మెత్తటి లేత ఆకు రావాలంటే మాఘ ఫాల్గుణాల్లో కొమ్మ కొట్టాలి. కొమ్మ కొట్టడానికి కూలి అవుతుంది. అగ్గిపుల్లకు కాదు. అడవి కింద ఎండుటాకు అంటుకుంటే నెల తిరిగేసరికి తునికి చిగురిస్తుంది. అటవీ శాఖవాళ్లకు ఇది నేరం, నిజంగానే దీనివల్ల చిన్న మొక్కలు చచ్చిపోతాయి, పక్షి గూళ్లు కాలిపోతాయి. నేను అగ్గిని వెనకేసుకు రావడం లేదు. కానీ కాలిన చోట వానలకు రేల మొక్కలు, టేకు మొక్కలు గుంపులుగా లేవడం అక్కడివాళ్లు అందరూ చూసినదే. రేలకాయ మూరెడు పొడుగు, లోపల అరలు అరలుగా నల్లటి తీపి జిగురు, ఒక్కో అరలో ఒక్కో గింజ. ఆ జిగురు కోసం ఎలుగు, నక్క, కోతి కాయను పగలగొడతాయి. అవి లేనిచోట కాయ అలాగే పడి ఉంటుంది, పెంకు మీద పెంకు. ఎలుగు తగ్గిన అడవిలో రేలకు మిగిలింది అగ్గి ఒక్కటే, దాన్నీ ఆర్పాలి మనం. పైగా ఆ జిల్లాలో సింగరేణి ఓపెన్‌కాస్టు తీసిన మట్టి గుట్టలున్నాయి. భూమి అడుగు నుంచి వచ్చిన ఆ మట్టిలో ఏ గింజా ఉండదు. అక్కడ మొలిచేది పైనుంచి తెచ్చి వేసిందే, లేదా గాలి మోసుకొచ్చిందే.

గునుగు దగ్గరికి వస్తాను. ఇది చెట్టు కాదు, పెంకు లేదు, తోటకూర కుటుంబం. గింజ కూడా తోటకూర గింజలాగే నల్లగా మెరుస్తుంది. లేత ఆకు వండుకుంటారు, మా అవ్వ పప్పులో వేసేది. వానకాలం పంటతోపాటు లేచి, భాద్రపదానికి వెండి కుచ్చు ఎత్తుతుంది. కుచ్చులో పువ్వులు కింది నుంచి పైకి విచ్చుకుంటాయి, పైన ఇంకా గులాబీ మొగ్గ ఉండగానే కింద గింజ ముదురుతుంది. ఆడవాళ్లు దాని చివర్లను రంగుల్లో ముంచి బతుకమ్మ పేర్చేది సరిగ్గా అప్పుడే. తొమ్మిదో రోజు బతుకమ్మలన్నీ చెరువులో. పూలు కుళ్లుతాయి, గింజలు ఒండ్రులో దిగుతాయి. చలికాలమంతా తడి మట్టిలో ఉంటాయి, చెరువు ఎండాక వేడి మట్టిలో ఉంటాయి. ఎండాకాలం రైతులు ఆ చెరువు మట్టిని బండ్లకెత్తి చెల్కలకు తోలుతారు. మిషన్ కాకతీయ 2015లో మొదలయ్యాక ట్రాక్టర్లతో ఇంకా ఎక్కువ తోలారు. నాగలి తిరగేస్తే పైకి వచ్చిన గింజ తొలకరికి లేస్తుంది. తడి మట్టిలో వరసలు వరసలుగా గింజను పేర్చి ఆగడం అంటే, ఊరి చెరువు చేసిన పని అదే గదా అని నా లెక్క. చేలో రాలిన గింజ కూడా మొలుస్తుంది, అన్నీ చెరువు నుంచే వచ్చాయని అనను. కానీ దేవరుప్పుల దిక్కు ఒక పెద్దమ్మ నాతో అన్నది: "చెరువు మట్టి తోలిన చెల్కల గునుగు ఎక్కువుంటది బిడ్డా, అందుకే మా ఆయన తిట్టుకుంట తోలిస్తడు."

ఇప్పుడు తిట్టుకోనక్కర్లేదు. పత్తి చేలలో గడ్డిమందు కొడుతున్నారు. గునుగు గింజ పెట్టకముందే మాడుతుంది. చిన్న గింజ నేలలో ఎంతకాలం ఓపిక పట్టినా, ఏటేటా కొత్త గింజ పడకపోతే ఆ మూట ఖాళీ అవుతుంది. జనగామ అంగడిలో గునుగు కట్ట కట్టి అమ్ముతున్నారు. అది ఆటోల్లో ఇంకా కొంత కంచె, కొంత అడవి మిగిలిన ఊళ్ల నుంచి వస్తోంది.

హరితహారం 2015 జూలైలో మొదలైంది, తర్వాత ఊరూరా నర్సరీ వచ్చింది. మా దగ్గరి ఒక నర్సరీలో తంగేడు పెంచుదామని అడిగాను. గింజలు మొలవవు మేడమ్ అన్నాడు అక్కడి అబ్బాయి. మరిగిన నీళ్లు పొయ్యి మీంచి దించి, గింజలు అందులో వేసి, తెల్లారేదాకా అలాగే వదిలేయమన్నాను. తెల్లారి ఉబ్బినవి విత్తాలి, ఉబ్బనివి మళ్లీ వేడినీళ్లలో వేయాలి, లేదా గరుకు బండ మీద పోసి అరచేత్తో రుద్దాలి. కాలేజీ ల్యాబుల్లో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచే పద్ధతి చెబుతారు, పిల్లలు తిరిగే చోట అది వద్దు. మొలిచాయి. అసలు చిక్కు తర్వాత వచ్చింది. తంగేడు మొలకకు ఆకు కన్నా ముందు వేరు దిగుతుంది, నల్ల కవరు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది. అలాంటి మొక్కను తీసి గుట్ట మీద నాటితే ఎండాకాలం దాటదు. అందుకని ఇప్పుడు ఆ అబ్బాయీ నేనూ కవర్లు మానేశాం. ఉబ్బిన గింజలను రోహిణి కార్తె చివర్లో, మృగశిర వానలకు ముందుగా, చెరువు కట్ట బయటి వాలు మీద గడ్డపారతో గుచ్చిన గుంతల్లో రెండేసి వేసి మన్ను కప్పుతున్నాం. అన్నిటినీ వేడినీళ్లలో వేయడం లేదు, ఒక పాలు పచ్చివే కలుపుతున్నాం, వానలు మోసం చేసిన ఏడు అవి నేలలో ఆగి ఉంటాయని.

గునుగుకు ఇంకా తేలిక. సద్దుల తర్వాత వాడిన కుచ్చులు తెచ్చి గోనె మీద దులిపితే గింజ రాలుతుంది. ఎండబెట్టి, గుడ్డ మూటలో ఎండాకాలమంతా దూలానికి వేలాడదీయాలి, జూన్‌లో బడి వెనక, శ్మశానం గోడ పక్కన, రోడ్డు వారన దున్నిన మన్ను మీద చల్లాలి. లోతుగా కప్పకూడదు. ఫ్రిజ్ వద్దు. మా చెల్లె బిడ్డకు చెప్పింది ఆ ఒక్క మాటే. చేను గట్టున చల్లవచ్చా అని మాత్రం ఇంకా ఏ రైతునూ అడగలేదు, ఏమంటాడో తెలుసు గనుక.